సముద్రం నుంచి సముద్రానికి: ఉత్తర ఇంగ్లండులో ఇద్దరి కాలినడక

ఉత్తర ఇంగ్లండు పడమటి ఒడ్డున సెయింట్ బీస్ అనే పల్లె ఉంది, తూర్పు ఒడ్డున రాబిన్ హుడ్స్ బే ఉంది. మొదటి ఊరి ముందున్నది ఐరిష్ సముద్రం, రెండో ఊరి ముందున్నది నార్త్ సీ. ఈ రెండు ఊళ్లనూ కలుపుతూ దేశానికి అడ్డంగా సాగే కాలిబాట పేరు కోస్ట్ టు కోస్ట్ వాక్. పొడవు సుమారు 190 మైళ్లు, అంటే 300 కిలోమీటర్ల పైమాటే. లేక్ డిస్ట్రిక్ట్ కొండలు, యార్క్‌షైర్ డేల్స్ లోయలు, నార్త్ యార్క్ మూర్స్ మెట్టబీళ్లు ఈ దారిలో వరసగా వస్తాయి. ఈ మూడూ జాతీయ ఉద్యానవనాలే. నడక అలవాటున్న మనిషి రోజుకు 12 నుంచి 16 మైళ్ల చొప్పున రెండు వారాల్లో ఈ దారిని పూర్తి చేయవచ్చు. సెలవులు పెట్టుకుని ఒక స్నేహితుడినో స్నేహితురాలినో వెంటబెట్టుకుని నడవడానికి ఇంగ్లండులో ఇంతకన్నా నిండైన దారి దొరకడం కష్టం. ఒక దేశపు రాళ్లు, నీళ్లు, పంటలు, జీవాలు, పాత పరిశ్రమలు, పల్లెల బతుకు ఒకదాని తర్వాత ఒకటి కాళ్ల కిందుగా సాగిపోతాయి.

దారిని కూర్చిన మనిషి

ఈ బాటను కొత్తగా ఎవరూ వేయలేదు. ఉన్న దారులనే ఒకదానికొకటి ముడివేసి ఒకే నడకగా కూర్చినవాడు ఆల్‌ఫ్రెడ్ వెయిన్‌రైట్. 1907లో బ్లాక్‌బర్న్ అనే మిల్లుల పట్టణంలో పేద ఇంట పుట్టాడు. 13 ఏళ్లకే బడి మానేసి మున్సిపల్ కార్యాలయంలో పనికి కుదిరాడు. తర్వాత లేక్ డిస్ట్రిక్ట్ అంచునున్న కెండల్ పట్టణానికి మారి, అక్కడి పురపాలక కోశాధికారి అయ్యాడు. సెలవు దొరికితే చాలు, బస్సెక్కి కొండలకు వెళ్లేవాడు. అలా తిరిగిన 214 కొండల మీద 1955 నుంచి 1966 దాకా ఏడు సంపుటాలు వెలువరించాడు. వాటిలో అచ్చు అక్షరాలు కూర్చిన పేజీలు ఉండవు. బొమ్మలు, పటాలు, అక్షరాలు అన్నీ ఆయన చేతి రాతే. ఆ చేతిరాత పేజీలనే ఉన్నవున్నట్టుగా ముద్రించారు.

కోస్ట్ టు కోస్ట్ వాక్ పుస్తకం 1973లో వచ్చింది. తను చూపిన దారినే గుడ్డిగా పట్టుకుని పోవద్దనీ, పటం ముందేసుకుని ఎవరి దారి వాళ్లు కూర్చుకోవాలనీ ఆయన పాఠకులను ప్రోత్సహించాడు. అయినా జనం ఆయన దారినే మెచ్చారు. అర్ధ శతాబ్దం గడిచినా దేశదేశాల నుంచి వచ్చి ఆ దారినే నడుస్తున్నారు.

పొలాల మధ్య నుంచి, హక్కుగా

ఒక కోశాధికారి బల్ల ముందు కూర్చుని పటం మీద గీత గీస్తే దేశానికి అడ్డంగా దారి ఏర్పడటం ఇంగ్లండులోనే ఎందుకు సాధ్యమైంది? దానికి జవాబు అక్కడి దారి హక్కులో ఉంది. పొలం ప్రైవేటుదే అయినా, అందులోంచి పోయే పాత కాలిబాట అందరిదీ. యజమాని దాన్ని మూసేయకూడదు. దున్నినా, పంట వేసినా మళ్లీ దారి తీర్చాల్సిందే. 1990లో వచ్చిన చట్టం ప్రకారం పొలం నడిమధ్య నుంచి వెళ్లే కాలిబాటకు పంటలో కనీసం ఒక మీటరు వెడల్పు వదలాలి. ఇంగ్లండు, వేల్స్ రెండింటిలో కలిపి ఇలాంటి హక్కు దారులు సుమారు 2,25,000 కిలోమీటర్లు ఉన్నాయి. జనం చర్చికో, సంతకో, పిండిమరకో, గనికో తరతరాలుగా నడిచి అరగదీసిన దారులే వీటిలో ఎక్కువ.

అయితే కొండలు, బీళ్లు చాలాకాలం సామాన్యుడికి అందలేదు. వేట పక్షుల కోసం భూస్వాములు వాటిని మూసి, కాపలా పెట్టారు. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్ ప్రాంతపు కార్మిక యువకులు వందలాదిగా కిండర్ స్కౌట్ అనే బీడు కొండ మీదికి నిషేధాన్ని ధిక్కరించి ఎక్కారు. వాళ్లలో ఐదుగురికి జైలుశిక్ష పడింది. శిక్షలు చూసి జనంలో సానుభూతి పెరిగింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1949లో వచ్చిన చట్టం జాతీయ ఉద్యానవనాలకు పునాది వేసింది. ప్రతి జిల్లా పాలకవర్గం తన పరిధిలోని హక్కు దారులన్నిటినీ పటంలో నమోదు చేయాలని ఆదేశించింది. 1965లో పెనైన్ వే మొదటి జాతీయ కాలిబాటగా తెరుచుకుంది. 2000 సంవత్సరపు చట్టం కొండలు, బీళ్లలో గుర్తించిన భాగాల్లో దారి వదిలి కూడా తిరిగే హక్కు ఇచ్చింది. కోస్ట్ టు కోస్ట్ మీద వేసే ప్రతి అడుగుకూ వెనక ఈ చరిత్ర ఉంది.

ఈ హక్కు నేల మీద కనిపించేది చిన్న చిన్న వస్తువుల్లో. కంచె గుంజ మీద పసుపు బాణం ఉంటే అది నడిచేవారి దారి. నీలం బాణమైతే గుర్రాలకూ సైకిళ్లకూ కూడా. గోడ దాటడానికి రాతి మెట్లో చెక్క మెట్లో ఉంటాయి. మరికొన్ని చోట్ల వంపు తిరిగిన కంచె మధ్య ఊగే గేటు ఉంటుంది. మనిషి ఆ వంపులోకి దూరి, గేటును తన వెనక్కి నెట్టి, అవతలికి జరగాలి. ఒక్కసారికి ఒక్కరికే చోటు. మనిషికి అది క్షణం పని, గొర్రెకు మాత్రం చేతకాదు. ఇలా రైతు మంద చెదరకుండా, బాటసారి దారి ఆగకుండా రెండు హక్కులూ ఒకే గేటులో సర్దుకున్నాయి.

బయలుదేరే ముందు

దారిని పడమటి నుంచి తూర్పుకు నడవడం వెయిన్‌రైట్ పెట్టిన పద్ధతి. ఇంగ్లండులో గాలీ వానా ఎక్కువగా పడమటి నుంచే వస్తాయి. అవి మొహాన కొట్టకుండా వీపున ఉంటే నడక తేలిక. మే నుంచి సెప్టెంబరు దాకా అనువైన కాలం. జూన్‌లో పగలు 17 గంటల దాకా ఉంటుంది కాబట్టి ఆలస్యమైనా చీకటి భయం తక్కువ.

ఆర్డ్‌నెన్స్ సర్వే అనే బ్రిటన్ పటాల సంస్థ అచ్చువేసే పటాలు ఈ నడకకు ప్రాణం. 1:25,000 కొలత గల పటంలో నేల మీది ఒక కిలోమీటరు 4 సెంటీమీటర్లుగా కనిపిస్తుంది. హక్కు దారులు ఆకుపచ్చ చుక్కల గీతల్లో ఉంటాయి. ప్రతి గోడా, ప్రతి వాగూ, ఎత్తును చూపే గీతలూ అందులో దొరుకుతాయి. సమయం లెక్కగట్టడానికి 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండు పర్వతారోహకుడు చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది. మూడు మైళ్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 2,000 అడుగులకు మరో గంట. 14 మైళ్ల దూరం, 3,000 అడుగుల ఎక్కుడు ఉన్న రోజుకు ఆరు గంటల పది నిమిషాల నడక. భోజనం, విశ్రాంతి, దారి వెతుకులాట దీనికి అదనం.

తడిసినా త్వరగా ఆరే బట్టలు, వాన కోటు, ముందే కాళ్లకు అలవాటైన బూట్లు, దిక్సూచి, ఈల, కొండ మీద పనికొచ్చే వెచ్చని పైబట్ట తప్పనిసరి. నూలు బట్ట తడిస్తే ఒంటి వేడిని లాగేస్తుంది కాబట్టి కొండల్లో అది పనికిరాదు. పెద్ద సంచులను ఒక బస నుంచి మరో బసకు వ్యానుల్లో చేరవేసే సంస్థలు ఈ దారి పొడవునా ఉన్నాయి. వాటి సాయంతో వీపున ఆ రోజుకు కావలసినంత బరువే ఉంటుంది.

ఇద్దరు ఎందుకు

స్నేహితుడితో కలిసి నడవడం ఈ కొండల్లో పాత ఆచారమే. 1799 నవంబరులో కవులు విలియం వర్డ్స్‌వర్త్, కోల్‌రిడ్జ్ కలిసి లేక్ డిస్ట్రిక్ట్ అంతా కాలినడకన తిరిగారు. గ్రాస్మియర్‌లో తర్వాత వర్డ్స్‌వర్త్ కాపురమున్న ఇల్లు ఆ నడకలోనే ఆయన కంటపడింది. 1818లో కవి కీట్స్ తన మిత్రుడు చార్లెస్ బ్రౌన్‌తో కలిసి లాంకాస్టర్ నుంచి ఇదే కొండల మీదుగా స్కాట్లండు వైపు నడిచాడు.

ఇద్దరి నడకకు కొన్ని పద్ధతులున్నాయి. నెమ్మదిగా నడిచే మనిషి ముందుండాలి. వేగం అతనిదే అయితే ఇద్దరూ అలసిపోరు. ఒకరు పటం చూస్తే రెండోవారు చుట్టూ ఉన్న గోడలను, వాగులను దానితో సరిపోల్చాలి. మంచు కమ్మినప్పుడు ఈ రెండో జత కళ్లే కాపాడతాయి. వెనక్కి తిరుగుదామని ఇద్దరిలో ఒకరు అంటే రెండోవారు వాదించకుండా తిరగాలి. ఈ ఒప్పందం మొదటి రోజే చేసుకోవడం మేలు. ఒకరి మడమకు బొబ్బ లేస్తే, అది పెరగకముందే ఆగి కట్టు కట్టేదాకా రెండోవారు ఓపిక పట్టాలి. మాట్లాడుకునే గంటలతో పాటు మౌనంగా సాగే గంటలూ ఉంటాయి. రోజంతా ఒకే దారిన నడుస్తూ మాట లేకుండా ఉండగలగడం స్నేహంలో గొప్ప సుఖం. పట్నంలో ఏళ్ల తరబడి కలుసుకుంటున్నా తెలియని మనిషి ఇక్కడ వారంలో తెలుస్తాడు. ఆకలిలో, వానలో, ఎక్కుడులో మనిషి స్వభావం దాగదు.

సెయింట్ బీస్ నుంచి సరస్సుల సీమకు

సెయింట్ బీస్‌కు రైలు ఉంది. నడక మొదలుపెట్టే ముందు బూట్లు ఐరిష్ సముద్రంలో తడిపి, ఒడ్డున ఒక గులకరాయి ఏరుకుని జేబులో వేసుకోవడం ఆనవాయితీ. దాన్ని చివర నార్త్ సీలో వేయాలి. ఊరు దాటగానే ఎర్ర ఇసుకరాయి కొండచరియల మీదుగా దారి ఎక్కుతుంది. పక్షి సంరక్షణ కేంద్రమైన ఈ చరియల మీద వేలాది సముద్రపక్షులు గూళ్లు పెడతాయి. నల్ల గిల్లెమాట్ అనే పక్షి ఇంగ్లండు మొత్తంలో గూడు కట్టేది ఇక్కడే. చరియలు దాటాక దారి సముద్రానికి వీపు చూపి తూర్పుకు తిరుగుతుంది. పాత గనుల పల్లెల గుండా సాగి, డెంట్ అనే గుట్ట ఎక్కి, ఎన్నర్‌డేల్ లోయలోకి దిగుతుంది.

ఎన్నర్‌డేల్ సరస్సు ఒడ్డున రాళ్ల మీదుగా దారి పోతుంది. పై లోయలోకి సామాన్యుల కార్లకు అనుమతి లేదు. లోయ చివర బ్లాక్ సెయిల్ అనే చిన్న రాతి ఇల్లు ఒంటరిగా ఉంటుంది. ఒకప్పుడు గొర్రెల కాపరుల గుడిసె, ఇప్పుడు యూత్ హాస్టల్. దాని పైన నిలిచిన 597 మీటర్ల హేస్టాక్స్ కొండ వెయిన్‌రైట్‌కు అన్నిటికన్నా ఇష్టమైనది. 1991లో ఆయన చనిపోయాక చితాభస్మాన్ని ఆయన కోరిక మేరకు ఆ కొండ మీది చిన్న మడుగు ఒడ్డున చల్లారు.

ఇక్కడి కొండల మీద మేసేవి హెర్డ్‌విక్ గొర్రెలు. పుట్టినప్పుడు నల్లగా ఉండి, వయసుతో పాటు బూడిద రంగుకు మారతాయి. ఎత్తైన కొండల మీద కంచెలుండవు. అయినా ఒక మంద మరో మంద మేసే చోటికి పోదు. తన మేత సరిహద్దు ఎంతవరకో తల్లి గొర్రె వెంట తిరిగిన పిల్ల నేర్చుకుంటుంది. అది పెరిగి తన పిల్లకు నేర్పుతుంది. పొలం అమ్మినా మంద సాధారణంగా ఆ కొండతోనే కొత్త రైతు చేతికి వెళుతుంది. ఈ కాపరి జీవనాన్ని కూడా లెక్కలోకి తీసుకునే 2017లో యునెస్కో లేక్ డిస్ట్రిక్ట్‌ను ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది.

హానిస్టర్ కనుమ దగ్గర పలకరాయి గనిని దాటి దారి బారోడేల్‌లోకి దిగుతుంది. ఇంగ్లండులో జనం నివసించే చోట్లలో అత్యధికంగా వాన పడే సీత్‌వెయిట్ ఈ లోయలోనే ఉంది. అక్కడ ఏటా 3,000 మిల్లీమీటర్లు దాటి కురుస్తుంది. అందుకే ఈ మూడు నాలుగు రోజుల నడకలో తడవకుండా బయటపడే వాళ్లు తక్కువ. వాగులు పొంగితే దాటు రాళ్లు మునుగుతాయి. అలాంటప్పుడు చుట్టుదారి పట్టడమే తెలివి.

గ్రీనప్ ఎడ్జ్ దాటితే గ్రాస్మియర్. వర్డ్స్‌వర్త్ 1799 చివరి నుంచి 1808 దాకా చెల్లెలు డొరతీతో కాపురమున్న డవ్ కాటేజ్ ఇక్కడిదే. ఆయన సమాధి ఊరి చర్చి ఆవరణలో ఉంది. పక్కనే చిన్న దుకాణంలో 1854లో సారా నెల్సన్ మొదలుపెట్టిన అల్లం బిస్కట్లను ఇప్పటికీ వేడివేడిగా అమ్ముతారు. మర్నాడు గ్రైస్‌డేల్ మడుగు పక్కగా, 950 మీటర్ల హెల్వెలిన్ కొండ కాళ్ల దగ్గరుగా దారి ప్యాటర్‌డేల్ చేరుతుంది. ఒంట్లో శక్తి, ఆకాశంలో వెలుతురు ఉన్నవాళ్లు హెల్వెలిన్ ఎక్కి, స్ట్రైడింగ్ ఎడ్జ్ అనే కత్తి అంచు లాంటి శిఖర రేఖ మీదుగా దిగుతారు. గాలి బలంగా ఉంటే అటు పోకూడదు.

ప్యాటర్‌డేల్ నుంచి షాప్ అనే ఊరికి వెళ్లే రోజు మొత్తం నడకలోకెల్లా కఠినమైన వాటిలో ఒకటి. వెయిన్‌రైట్ అసలు దారిలో అత్యున్నత స్థానమైన కిడ్‌స్టీ పైక్ 780 మీటర్ల ఎత్తున ఈ రోజే వస్తుంది. అక్కడి నుంచి నిటారుగా దిగితే హాస్‌వాటర్ జలాశయం. మాంచెస్టర్ నగరానికి తాగునీటి కోసం 1930లలో ఇక్కడ ఆనకట్ట కట్టినప్పుడు మార్డేల్ అనే ఊరు నీట మునిగింది. గట్టి కరవు వచ్చిన ఏళ్లలో నీరు తగ్గి ఆ ఊరి గోడలు, వంతెన బయటపడతాయి. జలాశయం దాటాక షాప్ మఠం శిథిలాలు కనిపిస్తాయి. రాజు ఎనిమిదో హెన్రీ కాలంలో మఠాలన్నీ రద్దయినప్పుడు 1540లో ఇదీ మూతపడింది.

రెండు సముద్రాల నీళ్లు విడిపోయే చోటు

షాప్ తర్వాత ఎం6 మోటార్‌వే మీది కాలివంతెన దాటగానే నేల మారిపోతుంది. నల్లని కొండల స్థానంలో తెల్లని సున్నపురాతి బీళ్లు. మంచుయుగంలో హిమానీనదాలు పైమట్టిని గోకివేయగా బయటపడ్డ సున్నపురాయిని వాననీరు వేల ఏళ్లుగా కరిగించింది. అలా బండలు, వాటి మధ్య లోతైన చీలికలు ఏర్పడ్డాయి. గాలి సోకని ఆ చీలికల్లో సున్నితమైన ఫెర్న్ మొక్కలు పెరుగుతాయి.

ఈడెన్ నది పక్కనున్న కర్కీ స్టీఫెన్ పట్టణం దాటి దారి పెనైన్ పర్వతశ్రేణి ఎక్కుతుంది. 662 మీటర్ల ఎత్తున నైన్ స్టాండర్డ్స్ రిగ్ మీద తొమ్మిది పెద్ద రాతి గుమ్మటాలు వరసగా నిలబడి ఉన్నాయి. మనిషి కన్నా ఎత్తైన ఈ కట్టడాల్లో కొన్ని సన్నగా, కొన్ని లావుగా ఉంటాయి. ఈ కొండే ఇంగ్లండుకు నీటి వెన్నెముక. శిఖరానికి పడమట పడిన చినుకు ఈడెన్ నదిలో చేరి ఐరిష్ సముద్రానికి పోతుంది. తూర్పున పడిన చినుకు స్వేల్ నదిలో చేరి, ఊజ్, హంబర్ నదుల మీదుగా నార్త్ సీకి పోతుంది. నడిచేవారి గమ్యం కూడా ఇక ఆ నీటి గమ్యమే.

శిఖరం అవతల పీట్ నేల. నాచు వేల ఏళ్లుగా పూర్తిగా కుళ్లకుండా పేరుకున్న నల్లని మెత్తటి బురద అది. కాలు మోకాలిదాకా దిగబడుతుంది. వేలమంది ఒకే దారిన తొక్కితే పీట్ చిట్లి, వానకు కొట్టుకుపోతుంది. అందుకే ఏడాదిని మూడు భాగాలు చేసి, ఒక్కో కాలానికి ఒక్కో దారి కేటాయించారు. తొక్కిన చోట నేల మళ్లీ కోలుకోవడానికి ఈ ఏర్పాటు. దీన్ని పాటించడం నడిచే ప్రతి ఒక్కరి బాధ్యత.

స్వేల్‌డేల్: గోడలు, గనులు, గడ్డిపొలాలు

కెల్డ్ అనే చిన్న పల్లె దాదాపు సగం దూరం. పెనైన్ వే ఇక్కడే ఈ దారిని కలుసుకుంటుంది. ఇక్కడి నుంచి రిచ్‌మండ్ దాకా స్వేల్ నది తోడు. తర్వాతి ఊరు రీత్‌కు చేరడానికి రెండు దారులున్నాయి. పై దారి పాత సీసం గనుల గుండా పోతుంది. గనివాళ్లు కొండ మీద మట్టికట్టతో నీళ్లు ఆపి, ఒక్కసారిగా కట్ట తెంచేవారు. ఆ వరద పైమట్టిని ఊడ్చుకుపోతే కింద ఖనిజపు చారలు బయటపడేవి. అలా చీలిన వాలుల మీద ఇప్పటికీ సరిగ్గా గడ్డి మొలవలేదు. 19వ శతాబ్దం చివర్లో విదేశాల నుంచి చవక సీసం రావడంతో గనులు మూతపడ్డాయి, జనం బతుకుతెరువు కోసం వలసపోయారు. పొగగొట్టాలు, కొలిమి గోడలు మాత్రం మిగిలాయి.

కింది దారి నది ఒడ్డున గడ్డిపొలాల మధ్య సాగుతుంది. జూన్‌లో ఆ పొలాలు పసుపు, ఊదా పూలతో నిండి ఉంటాయి. పూలు గింజ కట్టి రాలేదాకా రైతులు కోత ఆపుతారు. నడిచేవారు ఒకరి వెనక ఒకరుగా వెళ్లాలని అక్కడి బోర్డులు కోరతాయి. తొక్కిన గడ్డి కోతకు రాదు, అది చలికాలంలో జీవాల నోటి దగ్గరి తిండి. ఈ లోయలోనే పాత శవయాత్ర దారి కూడా ఉంది. 1580లో మ్యూకర్‌లో చర్చి వెలిసే దాకా, పై లోయలో ఎవరు చనిపోయినా వెదురు బుట్టలాంటి తేలికైన పాడె మీద మైళ్లకొద్దీ మోసుకెళ్లి గ్రింటన్‌లో పాతిపెట్టేవారు.

లోయ పొడవునా కొండకొమ్ము దాకా పాకిన రాతిగోడల్లో సున్నం గానీ సిమెంటు గానీ లేదు. దగ్గరగా చూస్తే ఆ నేర్పు తెలుస్తుంది. ఒక గోడలో నిజానికి రెండు గోడలుంటాయి. అడుగున ఎడంగా మొదలై పైకి పోయేకొద్దీ రెండూ దగ్గరవుతాయి. మధ్య సందును చిన్న రాళ్లతో బిగిస్తారు. కొంత ఎత్తు రాగానే రెండు వైపులకూ అందేంత పొడవైన రాళ్లను అడ్డంగా పరుస్తారు, అవి రెండు గోడలనూ కట్టిపడేస్తాయి. అన్నిటికన్నా పైన బరువైన రాళ్లను నిలువుగా పేరుస్తారు. సందుల్లోంచి గాలి పోతుంది, నీరు కారిపోతుంది, గోడ నిలుస్తుంది. దాని మీదికెక్కితే ఒక రాయి జారుతుంది, దానితో పది రాళ్లు జారతాయి. అందుకే గేటు లేని చోట గోడ దాటకూడదు.

రాత్రి బసలు ఎక్కువగా పల్లె ఇళ్లలోనే. పడక, పొద్దుటి ఫలహారం ఇచ్చే ఇళ్లు, యూత్ హాస్టళ్లు, పబ్బుల పైగదులు ఉంటాయి. వేసవిలో నెలల ముందే గది ఖాయం చేసుకోవాలి. ఫలహారంలో గుడ్లు, మాంసం, బీన్స్, పుట్టగొడుగులు, టమాటాలు, టోస్టు ఉంటాయి. శాకాహారులు ముందుగా చెబితే మాంసం లేకుండా వేరే పళ్లెం సిద్ధం చేస్తారు. మధ్యాహ్నానికి రొట్టె పొట్లం, ఫ్లాస్కు నిండా టీ వెంట ఉండాలి. కొన్ని పొలాల గుమ్మం దగ్గర కేకులు, బిస్కట్లు, చల్లని పానీయాలు నింపిన పెట్టె ఉంటుంది, అమ్మేవాళ్లు ఉండరు. కావలసింది తీసుకుని పక్క డబ్బాలో డబ్బు వేయాలి. తెలియని బాటసారి మీద ఆ పల్లెకున్న నమ్మకం అది. ఆ నమ్మకాన్ని నిలబెట్టడం బాటసారి మర్యాద.

మైదానం దాటి మెట్టబీళ్లకు

రిచ్‌మండ్ ఈ దారిలో వచ్చే ఊళ్లన్నిటిలో పెద్దది. నార్మన్లు ఇంగ్లండును గెలిచిన తొలి ఏళ్లలో, 1070లలో మొదలుపెట్టిన కోట నది మీదికి వంగినట్టు నిలబడి ఉంటుంది. రాళ్లు పరిచిన సంత వీధి, 1788 నాటి చిన్న నాటకశాల చూడదగ్గవి.

తర్వాత రెండు రోజులు మోబ్రే మైదానం. గోధుమ, బార్లీ పొలాలు, పల్లెబాటలు. కొండలు లేవు కాబట్టి కాళ్లకు తెరిపి. పశువుల పొలాల్లో మాత్రం జాగ్రత్త కావాలి. దూడలున్న ఆవులకూ దూడలకూ మధ్యగా పోకూడదు. దారిలోని డాన్బీ విస్క్ అనే పల్లెకు కొద్ది మైళ్ల దూరంలో నార్తలర్టన్ పట్టణం ఉంది. దానికి దగ్గరి పల్లెలోనే విలియం లాంబ్టన్ పుట్టాడు. భారతదేశపు భూమిని కొలిచే సర్వే కోసం 1802లో మద్రాసు దగ్గర ఆధారరేఖ కొలిచి, దక్షిణాది నుంచి ఉత్తరానికి త్రిభుజాల వరస అల్లుతూ వెళ్లినవాడు ఆయనే. రాయలసీమ, తెలంగాణ కొండల మీద ఆయన బృందాలు కోణాలు కొలిచే థియొడలైటు నిలిపాయి. చివరి ఏళ్లలో ఆయన సర్వేకు హైదరాబాదు కేంద్రమైంది. పటం చేతబట్టి ఈ పొలాల్లో నడిచే తెలుగువారికి ఆ సంగతి గుర్తుండవలసినదే.

మైదానం చివర ఏ19 రహదారి అడ్డం వస్తుంది. వేగంగా పోయే వాహనాల మధ్య నాలుగు వరసలు దాటాలి. మొత్తం నడకలో ప్రాణాపాయం ఎక్కువున్న చోటు కొండ కాదు, ఈ రోడ్డే. ఇద్దరూ ఒకరికోసం ఒకరు ఆగి, రెండు వైపులా ఖాళీ అయ్యాకే దాటాలి.

రోడ్డు దాటాక క్లీవ్‌లాండ్ కొండలు, వాటి మీద నార్త్ యార్క్ మూర్స్. ఇంగ్లండులో ఇంత పెద్ద హెదర్ పొద మైదానం మరొకటి లేదు. ఆగస్టులో అది పూసినప్పుడు చూపు ఆనినంత మేర ఊదారంగే. 454 మీటర్ల రౌండ్ హిల్ ఈ ఉద్యానవనంలో అతి ఎత్తైన చోటు. అక్కడి నుంచి దారి పాత రోజ్‌డేల్ రైలు కట్ట మీదికి చేరుతుంది. 1861 నుంచి 1929 దాకా ఇనుప ఖనిజం మోసిన ఆ కట్ట మీద పట్టాలు తీసేశారు. మైళ్ల దూరం చదునుగా, లోయల అంచున వంపులు తిరుగుతూ సాగే ఆ నడక అలసిన కాళ్లకు వరం. గట్టు మీద ఒంటరిగా ఉన్న లయన్ ఇన్‌లో చాలామంది రాత్రికి ఆగుతారు. కాస్త ముందు ఫ్యాట్ బెట్టీ అనే తెల్ల సున్నం పూసిన పాత రాతి శిలువ ఉంది. నడిచేవాళ్లు అక్కడ తినుబండారం ఏదైనా ఒకటి పెట్టి, ఇంతకు ముందు ఎవరో పెట్టినది తీసుకుంటారు.

ఎస్క్ లోయలో గ్లేస్‌డేల్ దగ్గర బెగ్గర్స్ బ్రిడ్జ్ అనే ఒంటి కమాను వంతెన 1619 నాటిది. పేద యువకుడు టామ్ ఫెరిస్ సముద్రయానానికి వెళ్లే ముందు ప్రియురాలిని చూడబోతే నది పొంగి దాటలేకపోయాడనీ, ధనవంతుడై తిరిగొచ్చి ఈ వంతెన కట్టించాడనీ స్థానికులు చెప్పుకుంటారు. గ్రాస్‌మాంట్‌లో ఆవిరి రైలు ఇంకా నడుస్తోంది. జార్జ్ స్టీఫెన్‌సన్ రూపకల్పన చేసి, 1836లో గుర్రాలు లాగే బండ్లతో మొదలైన మార్గం ఇది. మూతపడ్డాక స్వచ్ఛంద కార్యకర్తలు నిలబెట్టి 1973లో తిరిగి తెరిచారు.

చివరి మైళ్లు, దారి భవిష్యత్తు

లిటిల్‌బెక్ అడవి, ఫాలింగ్ ఫాస్ జలపాతం దాటి హాస్కర్ దగ్గర దారి సముద్రపు చరియల మీదికి వస్తుంది. అక్కడి నుంచి దక్షిణంగా కొద్ది మైళ్లు నడిస్తే రాబిన్ హుడ్స్ బే. 18వ శతాబ్దంలో దొంగసరుకు రవాణాకు పేరుమోసిన ఊరు. ఇరుకు వీధి నిటారుగా దిగి నేరుగా సముద్రంలోకి పోతుంది. జేబులోని గులకరాయి నీళ్లలో వేసి, బూట్లు తడిపి, ఒడ్డునున్న పబ్బులో నడిచినవారి పుస్తకంలో పేర్లు రాస్తారు. ఊరికి రైలు మార్గం 1965లోనే ఆగిపోయింది. బస్సులో విట్‌బీకో స్కార్‌బరోకో వెళ్లి రైలు పట్టుకోవాలి.

దాదాపు 50 ఏళ్లు ఈ దారికి ప్రభుత్వ హోదా లేదు. 2022 ఆగస్టులో దీన్ని జాతీయ కాలిబాటగా చేస్తున్నట్లు ప్రకటించి, 56 లక్షల పౌండ్లు కేటాయించారు. బురద చోట్ల రాతి పలకలు పరచడం, గుర్తులు పెట్టడం, గోడ మెట్ల స్థానంలో గేట్లు అమర్చడం, హక్కు లేని ముక్కలకు హక్కు కల్పించడం ఆ పనిలో భాగం. హోదా వల్ల నడిచేవారు ఇంకా పెరుగుతారు. పీట్ నేల మీద, గడ్డిపొలాల మీద, గోడల మీద పడే భారమూ పెరుగుతుంది. తీసిన గేటును తిరిగి మూయడం, దారిలోనే నడవడం, చెత్త వెంట తీసుకుపోవడం, పల్లె దుకాణంలో నాలుగు పౌండ్లు ఖర్చుపెట్టడం మామూలు పనులే. ఇన్ని తరాలు పోరాడి తెచ్చుకున్న హక్కు రాబోయే వాళ్లకూ మిగలడం మాత్రం ఆ మామూలు పనుల మీదే ఆధారపడి ఉంది.